గట్టి స్ప్రింగే గొప్పదా?

కిక్కిరిసిన బస్సులో నిలబడి ప్రయాణం చేసిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. బస్సు ఎడమకు మలుపు తిరిగిందంటే లోపలివాళ్లంతా కుడివైపుకు ఒరుగుతారు. మనుషులే కాదు, బస్సు కూడా కుడికి ఒరుగుతుంది. రోడ్డు పక్కన నిలబడి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఇక స్పోర్ట్స్ కారు సంగతి చూడండి. అది అంతకంటే ఎంతో వేగంగా మలుపు తిరుగుతుంది గాని, దాని ఒళ్లు పెద్దగా ఒరగదు. నేలకు అంటుకుపోయినట్టు వెళ్లిపోతుంది.

ఈ తేడా చూసి చాలామంది ఒక నిర్ణయానికి వస్తారు: "స్ప్రింగులు ఎంత గట్టిగా ఉంటే కారు అంత గొప్పది." పెద్దవాళ్లు కూడా ఈ మాట అంటూంటారు. కొందరు కుర్రవాళ్లు ఇంకో అడుగు ముందుకు వేసి, తమ కార్ల స్ప్రింగులను ఒక చుట్టు కోయించి, కారును నేలకు దించి, రేసు కారు తయారైందని సంబరపడతారు.

ఈ నమ్మకం సగమే నిజమనీ, మిగిలిన సగం ప్రమాదకరమైన పొరపాటనీ నా అభిప్రాయం. మీరు తొమ్మిదో తరగతిలోనో పదో తరగతిలోనో చదివే భౌతికశాస్త్రంతోనే ఈ సంగతి తేల్చుకోవచ్చు. రండి, లెక్క వేసి చూద్దాం.

స్ప్రింగు చెప్పే లెక్క

స్ప్రింగు మీద ఎంత బలం వేస్తే అది అంత నొక్కుకుపోతుంది. బలం రెట్టింపైతే నొక్కుడు కూడా రెట్టింపవుతుంది. ఈ నియమాన్ని ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ 1678లో వివరంగా ప్రకటించాడు. ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎంత బలం కావాలో చెప్పే అంకెనే కార్ల ఇంజనీర్లు "స్ప్రింగ్ రేటు" అంటారు. మన పాఠ్యపుస్తకంలోని స్ప్రింగు స్థిరాంకం ఇదే.

ఒక చక్రం మీద 250 కిలోల బరువు మోపిన కారును ఊహించుకుందాం. దాని స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కుకోవడానికి 20 న్యూటన్ల బలం కావాలనుకుందాం. 250 కిలోల బరువంటే 2450 న్యూటన్లు. కాబట్టి కారు నిలబడి ఉన్నప్పుడే స్ప్రింగు సుమారు 122 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉంటుంది. ఇప్పుడు కారును ఒక మూల నొక్కి వదిలితే, షాక్ అబ్జార్బరు అడ్డుపడకపోతే, అది సెకనుకు దాదాపు 1.4 సార్లు పైకీ కిందికీ ఊగుతుంది.

స్ప్రింగు గట్టిదనాన్ని రెట్టింపు చేసి 40 న్యూటన్లు చేద్దాం. ఊగే వేగం కూడా రెట్టింపవుతుందా? కాదు. అది వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సెకనుకు 2 సార్లు మాత్రమే అవుతుంది. ఇక్కడే మొదటి పాఠం ఉంది. చేతికి తోచినట్టు మార్చితే ఫలితం మనం అనుకున్న నిష్పత్తిలో రాదు.

ఇంకో చోట ఇదే పొరపాటు ఎదురుదిశలో జరుగుతుంది. చుట్టల స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 12 మిల్లీమీటర్ల తీగ బదులు 13 మిల్లీమీటర్ల తీగ వాడారనుకోండి. తేడా ఒక్క మిల్లీమీటరే. కంటితో గుర్తుపట్టడం కూడా కష్టమే. కాని స్ప్రింగు దాదాపు 38 శాతం గట్టిపడుతుంది! నమ్మకం కలగకపోతే 13ను 12తో భాగించి, వచ్చినదాన్ని నాలుగుసార్లు హెచ్చవేసి చూడండి.

మరి చుట్టు కోయిస్తే ఏమవుతుంది? పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోసేస్తే అయిదు మిగులుతాయి. అయిదు చుట్లు ఆరు చుట్లకంటే తక్కువ సాగుతాయి కాబట్టి స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. కారు కూడా కిందికి దిగుతుంది. కాని స్ప్రింగు కదలడానికి మిగిలిన చోటు తగ్గిపోతుంది. గుంట వచ్చినప్పుడు ఆ చోటు అయిపోయి, చివర ఉండే రబ్బరు దిమ్మ మీద బరువు పడుతుంది. ఆ క్షణంలో ఆ చక్రం దగ్గర స్ప్రింగు లేనట్టే. రాయి మీద కూర్చున్నట్టే!

ఆ క్షణం మలుపు మధ్యలో వస్తే ఏమవుతుందో ముందు ముందు చూద్దాం.

గాలిలో ఉన్న చక్రానికి పట్టు లేదు

స్ప్రింగు ఎందుకు ఉన్నదని అడిగితే, "ప్రయాణికులకు కుదుపులు తగలకుండా" అని మీరు వెంటనే చెబుతారు. అది నిజమే గాని, దానికి ఇంతకంటే ముఖ్యమైన పని ఉంది. చక్రాన్ని ఎల్లప్పుడూ నేలకు అంటిపెట్టి ఉంచడం. కారు మలుపు తిరిగేదీ, ఆగేదీ టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ వల్లనే. చక్రం నేలను విడిచి ఒక్క లిప్తకాలం గాలిలో ఉన్నా, ఆ లిప్తకాలం దానికి ఘర్షణ లేదు. స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా ఆ చక్రం చేయగలిగింది ఏమీ లేదు.

గతుకుల రోడ్డు మీద మరీ గట్టి స్ప్రింగు చేసే పని ఇదే. మెత్తని స్ప్రింగు గతుకును తానే మింగుతుంది. గట్టి స్ప్రింగు కారునే పైకి ఎగరేస్తుంది. నునుపైన రేసు బాటకు సరిపోయిన స్ప్రింగు, గుంటలున్న ఊరి రోడ్డుకు సరిపోదు. అద్దంలాంటి గచ్చు మీద పరుగెత్తేవాడు వాడే బూట్లతో కొండ ఎక్కగలమా?

స్వే బారు ఏమి చేస్తుంది, ఏమి చేయదు

మెత్తని స్ప్రింగు గతుకులకు మంచిదే గాని, మలుపులో కారు ఒళ్లు ఎక్కువగా ఒరుగుతుంది. దీనికి విరుగుడుగా వచ్చినదే స్వే బారు. ఇంగ్లండులో దీన్ని యాంటీ రోల్ బార్ అంటారు. కెనడా దేశస్థుడొకాయన 1919లోనే ఇలాంటి దానికి పేటెంటు పొందాడు.

చూడడానికి అది ఒక ఉక్కు కడ్డీ, అంతే. మూడు వైపులా ఉండి నాలుగో వైపు తెరిచిన పెట్టెలాగా వంచి ఉంటుంది. మధ్యభాగం కారు అడుగున అడ్డంగా బిగించి, తిరగడానికి వీలుగా ఉంటుంది. రెండు కొసలూ కుడి, ఎడమ చక్రాల చేతులకు తగిలించి ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేస్తే కడ్డీ తన చోట తాను తిరుగుతుందే గాని అడ్డుపడదు. ఒక చక్రం పైకి, మరొకటి కిందికి పోయినప్పుడు మాత్రం కడ్డీ మెలితిరగాలి. తడిబట్ట పిండేటప్పుడు ఒక చేయి ఇటూ ఒక చేయి అటూ తిప్పుతారు కదా, అలాగన్నమాట. ఉక్కు మెలికకు సులభంగా లొంగదు. కాబట్టి కారు ఒరగడం తగ్గుతుంది.

ఈ కడ్డీ గట్టిదనం కూడా మందానికి నాలుగో ఘాతంలోనే పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 మిల్లీమీటర్లది పెడితే గట్టిదనం 46 శాతం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదకు మారుతుంది. ఎంత మారుతుందో లెక్క కట్టడం కష్టం కాదు. 1000 కిలోల కారు, గురుత్వ త్వరణంలో సగం త్వరణంతో మలుపు తిరుగుతోందనుకుందాం. దాని గురుత్వ కేంద్రం నేల నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 150 సెంటీమీటర్లు. 1000లో సగం 500; దాన్ని 45తో హెచ్చవేసి 150తో భాగిస్తే 150 వస్తుంది. అంటే 150 కిలోల బరువు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారింది.

ఈ లెక్కలో స్ప్రింగు అనే మాట ఎక్కడైనా వచ్చిందా? స్వే బారు వచ్చిందా? రాలేదు! కారు ఒరిగినా ఒరగకపోయినా మారే బరువు దాదాపు అంతే. ఒరగడం వల్ల గురుత్వ కేంద్రం కొద్దిగా జరుగుతుంది గాని, అది స్వల్పం. "లావు స్వే బారు వేస్తే కారు బోల్తా బలమే తగ్గిపోతుంది" అనేవారు ఈ లెక్కను ఒకసారి చేసి చూడాలి.

మరి స్వే బారు దేన్ని మారుస్తుంది? ఆ 150 కిలోలలో ముందు చక్రాల జత ఎంత మోయాలి, వెనుక జత ఎంత మోయాలి అన్న పంపకాన్ని మారుస్తుంది. ఏ జత గట్టిగా ఉంటే ఆ జతకు ఎక్కువ వాటా వస్తుంది. ఇంటి బరువు ఇద్దరు అన్నదమ్ములు పంచుకున్నప్పుడు గట్టివాడి నెత్తిన ఎక్కువ పడడం లేదూ? ఇదీ అంతే.

పంపకం ఎందుకు ముఖ్యం?

టైరు మీద బరువు పెరిగితే దాని పట్టు పెరుగుతుంది. కాని బరువు పెరిగినంతగా పట్టు పెరగదు. ఇది రబ్బరు స్వభావం. అందువల్ల ఒక జతలో ఒక టైరు మీద బరువు పెరిగి, రెండోదాని మీద అంతే తగ్గితే, లాభం కంటే నష్టమే ఎక్కువ.

ఒక ఊహా టైరుతో చూద్దాం. చెరి 250 కిలోలు మోస్తున్నప్పుడు ఒక జత టైర్ల మొత్తం పట్టు 500 పాళ్లు అనుకుందాం. 75 కిలోలు అటునుంచి ఇటు మారితే ఆ పట్టు 491 పాళ్లకు తగ్గుతుందనుకుందాం. మారే బరువుకు వర్గంగా నష్టం పెరిగితే, 110 కిలోలు మారినప్పుడు పట్టు 481కి పడిపోతుంది. 40 కిలోలే మారితే 497 మిగులుతుంది.

మన కారులో 150 కిలోలనూ ముందు, వెనుక జతలు సగం సగం మోస్తే రెండింటికీ పట్టు 491. ముందు లావు స్వే బారు వేసి, ముందుకు 110, వెనుకకు 40 పంచితే ముందు పట్టు 481, వెనుక పట్టు 497. ఇప్పుడు ముందు చక్రాలే మొదట జారతాయి. స్టీరింగు తిప్పినంతగా కారు తిరగక, మలుపు బయటికి నెట్టుకుపోతుంది. డ్రైవరు సహజంగా కాలు వెనక్కు తీస్తాడు; వేగం తగ్గి పట్టు తిరిగి వస్తుంది.

లావు బారు వెనుక వేస్తే ఇది తలకిందులవుతుంది. వెనుక చక్రాలు ముందుగా జారి, కారు తోక తిప్పుతుంది. భయంతో కాలు వెనక్కు తీస్తే బరువు ముందుకు వాలి, వెనుక పట్టు ఇంకా తగ్గుతుంది. కారు బొంగరంలా తిరగవచ్చు.

ఇందాక రబ్బరు దిమ్మ సంగతి చెప్పాను కదా. మలుపు మధ్యలో వెనుక చక్రం ఆ దిమ్మను తాకిందంటే, ఒక్క క్షణంలో వెనుకభాగం ఎన్నో రెట్లు గట్టిపడినట్టే. పంపకం మారిపోతుంది. డ్రైవరుకు ముందస్తు హెచ్చరిక అంటూ ఉండదు. చుట్టు కోయించిన స్ప్రింగు చేసే మోసం ఇదే.

ఒక కారు చెప్పిన పాఠం

ఇదంతా కాగితం మీది లెక్క కాదు. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ 1960 సంవత్సరపు మోడలుగా షెవ్రొలే కొర్వేర్ అనే కారును తెచ్చింది. దానిలో ఇంజను వెనుక ఉంది. బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రాల మీదే. పైగా వెనుక చక్రాలను మోసే ఇరుసుల అమరిక ఎలాంటిదంటే, గట్టి మలుపులో బయటి చక్రం లోపలికి మడుచుకునే అవకాశం ఉంది. ఇలాంటి కారుకు ముందు స్వే బారు ఎంత అవసరమో మీరే చెప్పగలరు. వెనుక చక్రాల భారాన్ని కొంత ముందుకు పంచాలి.

కాని మొదట్లో ఆ కారు ముందు స్వే బారు లేకుండానే అమ్మకానికి వచ్చింది. దాని బదులు టైర్ల గాలితో పంపకం సరిచేశారు. చదరపు అంగుళానికి ముందు టైర్లలో 15 పౌండ్లు, వెనుక 26 పౌండ్లు గాలి ఉండాలన్నారు. ముందు టైర్లు మెత్తగా ఉంటే వాటి పట్టు ముందుగా సడలుతుందని ఉద్దేశం. కాగితం మీద ఇది తప్పేమీ కాదు. కాని మిగతా కార్లకు కొట్టినట్టే నాలుగు టైర్లలోనూ సమానంగా గాలి కొట్టించుకున్నవారి గతి ఏమిటి? ఇంజనీరు లెక్క అంతా గాలిలో కలిసిపోయినట్టే.

1964 మోడలులో ముందు స్వే బారునూ, వెనుక అదనంగా ఒక అడ్డ కమానునూ చేర్చారు. 1965లో వెనుక అమరికనే పూర్తిగా మార్చారు. ఆ ఏడాదే రాల్ఫ్ నేడర్ అనే న్యాయవాది కార్ల భద్రతపై రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయం కొర్వేర్ మీదే నడిచింది. దేశమంతా పెద్ద వివాదం చెలరేగింది. 1966లో అమెరికా ప్రభుత్వం వాహనాల భద్రతకు చట్టం చేసింది.

కథ అంతటితో అయిపోలేదు. ప్రభుత్వ సంస్థే పాత కొర్వేర్‌ను అదే కాలపు ఇతర చిన్న కార్లతో పోల్చి పరీక్షించింది. ఇది వాటికంటే ఎక్కువగా అదుపు తప్పే కారేమీ కాదని 1972లో నివేదిక ఇచ్చింది.

మరి ఎవరిది ఒప్పు? నా దృష్టిలో రెండు పాఠాలూ నేర్చుకోవాలి. ఒకటి: గట్టిగా అరిచినంత మాత్రాన నిజం తేలదు, కొలిచి చూడాలి. రెండు: కొలతలో ఫలానా కారు మిగతావాటికంటే హీనం కాదని తేలినా, ఒక ఉక్కు కడ్డీతో ఇవ్వగలిగిన నిలకడను గాలి కొట్టేవాడి జ్ఞాపకశక్తికి వదిలేయడం మంచి ఇంజనీరింగు కాదు. యంత్రం మామూలు మనిషి చేసే మామూలు పొరపాటును తట్టుకోవాలి.

రేసు కార్ల మాటేమిటి?

"మరి రేసు కార్ల స్ప్రింగులు గట్టిగానే ఉంటాయి కదా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ కార్ల ఆకారం వల్ల గాలి వాటిని నేలకేసి నొక్కుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ నొక్కుడు పెరుగుతుంది. మెత్తని స్ప్రింగు వేస్తే కారు అడుగు నేలను రాసుకుంటుంది. కాబట్టి అక్కడ గట్టిదనానికి కారణం ఉంది. బాట కూడా నునుపుగా ఉంటుంది. అయినా అక్కడా హద్దు మీరితే కష్టమే. 1980ల మొదట్లో ఫార్ములా వన్ కార్ల స్ప్రింగులు ఎంత గట్టిపడ్డాయంటే, కుదుపులకు తాళలేక డ్రైవర్లే మొరపెట్టుకున్నారు. 1983లో కార్ల అడుగు చదునుగా ఉండాలని నియమం వచ్చింది.

దీనికి ఎదురుగా 1962లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ ఎలాన్‌ను చూడండి. బరువు 700 కిలోల లోపే. వెన్నెముకలాంటి ఉక్కు చట్రం, దాని మీద ఫైబర్ గ్లాసు ఒళ్లు. స్ప్రింగులు మాత్రం మెత్తనివి! మలుపుల్లో అది కొంత ఒరిగేది. అయినా చక్రాలు నేలను వదలకపోవడం వల్ల, మలుపులు తిరగడంలో తన కాలపు మేటి కార్లలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఒరగడం బలహీనత అనుకునేవారికి ఇంతకంటే మంచి జవాబు ఏముంది?

మీరు చేయవలసింది

నేను స్ప్రింగులను మార్చకూడదని అనడం లేదు. మార్చేవారికి ఒక క్రమం ఉండాలంటున్నాను. మొదట టైర్ల గాలి, షాక్ అబ్జార్బర్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. ముందు బారు, వెనుక స్ప్రింగు ఒకేరోజు మారిస్తే, వచ్చిన ఫలితం దేనివల్లనో చెప్పేదెవరు? మార్చిన ప్రతిదీ పుస్తకంలో రాసుకోవాలి. మూసిన బాట మీదే పరీక్షించాలి. నలుగురూ నడిచే రోడ్డు ప్రయోగశాల కాదు. మన దేశంలో తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఆంక్షలు పెట్టింది. కారణం ఇప్పుడు మీకు తెలుసు.

మీకు కారు లేదని నిరుత్సాహపడకండి. బడి ప్రయోగశాలలో ఒక స్ప్రింగు అడిగి తీసుకోండి. దానికి బరువు కట్టి, ఇరవై ఊగులకు పట్టే కాలాన్ని కొలవండి. అలాంటివే రెండు స్ప్రింగులు పక్కపక్కన కట్టి, అదే బరువు వేలాడదీసి మళ్లీ కొలవండి. గట్టిదనం రెట్టింపైంది. కాలం సగమైందా? కొలిచి చూడండి. వచ్చిన అంకెను మీ పక్కన కూర్చునే స్నేహితుడికి చూపండి. రేపు అతను స్ప్రింగు కోయించడానికి బయలుదేరితే, ఆపడానికి మీ దగ్గర ఒక లెక్క ఉంటుంది.